నిక్కోర్ 20, సామ్యాంగ్ 14, ఫోక్ట్‌లాండర్ 15: గోడ మీద ఒక ఫలితం, గండికోటలో ఇంకో ఫలితం, ఏది నమ్మాలి?

బెజవాడ_క్లిక్:

అందరికీ నమస్తే. నాది సోనీ ఏ7-3, 24 మెగాపిక్సెల్. కెమెరాతో వచ్చిన 28-70 తప్ప వైడ్ (ఎక్కువ దృశ్యం పట్టే లెన్స్) అంటూ ఏమీ లేదు. ఆటోఫోకస్ వైడ్ కొనేంత బడ్జెట్ లేదు, ఎలాగూ నేను తీసేవి గుళ్ళు, రాళ్ళు, రాత్రి చుక్కలు, ఏవీ పరిగెత్తేవి కావు కాబట్టి మాన్యువల్ లెన్స్ చాలనుకున్నా. కొనేముందు తెలిసినవాళ్ళని అడిగి మూడు తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూశాను. (ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఎక్కువ దృశ్యం పడుతుంది, ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుని ఎక్కువ వెలుగు వస్తుంది.) ఒకటి సామ్యాంగ్ 14 ఎంఎం ఎఫ్/2.8, రెండోది ఫోక్ట్‌లాండర్ సూపర్ వైడ్ హీలియార్ 15 ఎంఎం ఎఫ్/4.5 (సోనీ మౌంట్‌తో, అంటే సోనీ కెమెరాకి నేరుగా తగిలే బిగింపుతో వచ్చినదే), మూడోది మా బాబాయి గారి పాత నిక్కోర్ 20 ఎంఎం ఎఫ్/2.8 ఏఐ-ఎస్ (నికాన్ వాళ్ళ మాన్యువల్ లెన్స్). ఈ మూడోదానికి ఆన్‌లైన్‌లో దొరికే ఒక చవక అడాప్టర్ (వేరే కంపెనీ లెన్స్‌ని కెమెరాకి కలిపే రింగు) తగిలించా.

హాల్లో గోడకి దినపత్రిక చిన్న ప్రకటనల పేజీలు అంటించి, ట్రైపాడ్ మీద మీటరు దూరం నుంచి మూడింటితోనూ తీశా. మధ్యలో మూడూ బాగానే ఉన్నాయి, మూలల్లో నిక్కోరే ముందుంది, 14లో అక్షరాలు చదవడానికి కష్టమైంది. సరే, నిక్కోర్ ఖాయం అనుకుని గండికోట వెళ్ళి పెన్నా లోయ అవతలి కొండ గోడల్ని తీస్తే మొత్తం తిరగబడింది. అక్కడ 14, 15 రెండూ మూలల దాకా బాగున్నాయి, నిక్కోర్‌లో ఎడమవైపు పర్లేదు గానీ కుడి అంచు మాత్రం ఎఫ్/5.6 దాకా మెత్తగానే ఉంది. ఇంకో వింత ఏమిటంటే, నిక్కోర్ స్కేలు మీద 2 మీటర్ల గుర్తు దగ్గర పెడితేనే అవతలి కొండ షార్ప్‌గా వస్తోంది, అనంతం గుర్తు దాకా తిప్పితే అంతా మసక.

నా పని రెండు రకాలు. లేపాక్షి లాంటి చోట్ల చీకటి మండపాలు, పైకప్పు బొమ్మలు చేత్తో పట్టుకుని తీయడం ఒకటి. గండికోటలో రాత్రి పాలపుంత రెండోది. ఈ మూడింట్లో దేని వైపు వెళ్ళాలి? అసలు నా టెస్టులో ఏది నమ్మాలి?

పాతలెన్సులపెట్టె:

తమ్ముడూ, రెండు టెస్టులూ నిజమే చెప్పాయి, కానీ వేరు వేరు ప్రశ్నలకి జవాబు చెప్పాయి.

ముందు గోడ సంగతి చూద్దాం. మీటరు దూరం నుంచి 14 ఎంఎంతో తీస్తే 3 మిల్లీమీటర్ల అక్షరం సెన్సర్ మీద సుమారు 7 పిక్సెళ్ళ ఎత్తు పడుతుంది. అదే చోటు నుంచి 20తో తీస్తే 10 పిక్సెళ్ళు. పది పిక్సెళ్ళ అక్షరం చదవగలగడం, ఏడు పిక్సెళ్ళది చదవలేకపోవడం లెన్స్ షార్ప్‌నెస్ తేడా కాదు, సైజు తేడా. అలాగని 14ని దగ్గరికి జరిపి పేపరు ఫ్రేము నిండేలా తీద్దామంటే, అప్పుడు 70 సెంటీమీటర్ల దూరంలో పనితనం చూసినవాడివవుతావు. రెట్రోఫోకస్ వైడ్‌లు (వెనక గాజుకీ సెన్సర్‌కీ మధ్య ఎడం ఎక్కువ ఉండేలా చేసినవి) మామూలుగా దూరానికి సరిచేసి ఉంటాయి, దగ్గరికి వచ్చేకొద్దీ మూలలు పాడవుతాయి. దీనికి మందుగానే నికాన్ వాళ్ళు సీఆర్‌సీ అని పెట్టారు. ఫోకస్ రింగు తిప్పుతుంటే లోపలి గాజుల మధ్య ఎడం కూడా మారుతూ దగ్గర దూరంలో మూలల్ని కాపాడుతుంది. 1967లో వచ్చిన 24 ఎంఎం ఎఫ్/2.8లో మొదట పెట్టారు, 1984 నాటి మీ బాబాయి గారి 20లోనూ ఉంది. కాబట్టి గోడ దగ్గర నిక్కోర్ గెలిచిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక ఫీల్డ్ కర్వేచర్. లెన్స్ ఫోకస్ అయ్యే తలం చదునుగా ఉంటుందనుకుంటాం, చాలా వైడ్‌లలో అది గిన్నెలా కొద్దిగా వంగి ఉంటుంది. అంచులు కెమెరా వైపు వంగి ఉంటే గోడ మీద మూలలు మసకబారతాయి, అదే లోయ ఒడ్డున నిలబడి తీస్తే ఫ్రేము కింది మూలల్లో ఎలాగూ దగ్గరి బండలే ఉంటాయి గనక అవి చక్కగా పదునుగా వస్తాయి, చూసినవాడు ఆహా ఏం లెన్సు అంటాడు. లెన్స్ అదే. దీన్ని తేల్చుకోవడం తేలిక. మధ్యలో ఫోకస్ చేసి ఒకటి, మాగ్నిఫయర్‌ని (కెమెరాలో కొంత భాగాన్ని పెద్దది చేసి చూపేదాన్ని) మూలకి జరిపి అక్కడే ఫోకస్ చేసి ఇంకొకటి తియ్యి. రెండో ఫోటోలో మూల పదునుగా వస్తే అది వంపు, అపర్చర్ (వెలుగు దూరే కన్నం) తగ్గిస్తే సర్దుకుంటుంది. ఎంత తిప్పినా మూల పదునెక్కకపోతే అది ఆస్టిగ్మాటిజం (బిందువు గీతలా సాగిపోవడం) లాంటి అసలు లోపం, దాంతోనే బతకాలి.

నిక్కోర్ కుడి అంచు, ఆ 2 మీటర్ల వ్యవహారం మాత్రం లెన్స్‌ది కాదని నా అనుమానం. అడాప్టర్‌ది. నికాన్ ఎఫ్ మౌంట్ నుంచి ఫిల్ముకి 46.5 మిల్లీమీటర్లు, సోనీ ఈ మౌంట్‌కి 18. తీసేస్తే అడాప్టర్ మందం కచ్చితంగా 28.5 ఉండాలి. చవక అడాప్టర్లని కావాలనే కాస్త పలచగా చేస్తారు, అనంతం అందలేదని కొన్నవాడు గొడవ పెట్టకుండా. లెక్క వేసి చూడు: 20 ఎంఎం లెన్స్ 2 మీటర్ల గుర్తు దగ్గర సుమారు 0.2 మిల్లీమీటర్లు ముందుకి జరిగి ఉంటుంది. అంటే నీ అడాప్టర్ అంత తక్కువ ఉంది. మామూలు లెన్స్‌కైతే ఇది పెద్ద విషయం కాదు, స్కేలు తప్పు చూపిస్తుంది, అంతే. సీఆర్‌సీ ఉన్న లెన్స్‌కి మాత్రం దెబ్బే, ఎందుకంటే లోపలి గాజులు 2 మీటర్లకి సర్దుకుని ఉంటాయి, నువ్వు తీసేది లోయ అవతలి కొండని. కుడివైపే ఎక్కువ మెత్తగా ఉందంటే అడాప్టర్ రెండు ముఖాలు సమాంతరంగా కూడా లేవేమో. ఎక్కడైనా లేత్ షాపులో మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిపించు.

నక్షత్రకుడు:

పెట్టె గారు పగటి సంగతి చెప్పేశారు, రాత్రి సంగతి నేను చెప్తా, వద్దన్నా వదలను, పేరులోనే ఉంది.

చుక్కలకి గోడ టెస్టూ పనికిరాదు, కొండ టెస్టూ పనికిరాదు. చుక్క అంటే చిన్న వెలుగు బిందువు, లెన్స్‌లో ఉన్న లోపాలన్నీ దాని మీద కనపడతాయి. కోమా అనే లోపం ఉంటే మూలల్లో చుక్కకి రెక్కలు వస్తాయి, చిన్న పక్షిలా. సామ్యాంగ్ 14కి చుక్కలవాళ్ళలో ఇన్నేళ్ళుగా పేరుందంటే కారణం ఇదే, పూర్తిగా తెరిచిన ఎఫ్/2.8 దగ్గర కూడా కోమా తక్కువ. హీలియార్ 15 అద్భుతమైన లెన్సే, కాదనను, కానీ ఎఫ్/4.5. ఎఫ్/2.8తో పోలిస్తే వెలుగు 2.6 రెట్లు తక్కువ. 14తో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 సరిపోయే చోట దీనికి 8000 పైన పెట్టాలి. దాంతో వచ్చే నాయిస్ (గరుకు మచ్చలు) తగ్గించే క్రమంలో సాఫ్ట్‌వేర్ నువ్వు డబ్బులు పోసి కొన్న షార్ప్‌నెస్‌ని కూడా తుడిచేస్తుంది.

ఇంకో మాట. చాలామంది చుక్క సాగిపోతే లెన్స్‌ని తిడతారు. చుక్కలు సాగకుండా ఎన్ని సెకన్లు తియ్యొచ్చో చెప్పే 500 లెక్క ఉంది కదా, 500ని ఫోకల్ లెంగ్త్‌తో (ఎంఎం అంకెతో) భాగించడం, 20 ఎంఎంకి 25 సెకన్లు, 14కి 35. మన 24 మెగాపిక్సెల్ సెన్సర్ మీద ఆ లెక్క ప్రకారం తీస్తే ఆకాశ మధ్యరేఖ దగ్గరి చుక్క దాదాపు 6 పిక్సెళ్ళు జరిగిపోతుంది. స్క్రీన్ మీద నూరు శాతం చూసేవాడికి అది గీతే. ఈ రెండు లెన్సులకీ అందులో సగం టైమే పెట్టు. అప్పటికీ చుక్క గుండ్రంగా లేకపోతే ఎటు సాగిందో చూడు. పక్కపక్క చుక్కలన్నీ ఒకే వైపుకి సాగితే భూమి తిరగడం వల్ల. ఫ్రేము మధ్య బాగుండి, మూలల్లో మాత్రం మధ్యలోంచి బయటికి చిమ్మినట్టో, అడ్డంగా రెక్కలు విప్పినట్టో ఉంటే అప్పుడు లెన్స్‌ని తిట్టుకో.

ఒక మూలలో రెక్కలు, మిగతా మూడు శుభ్రం అయితే డీసెంటరింగ్, లోపల ఒక గాజు పక్కకి జరిగి ఉందన్నమాట. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఇదొక్కటి చూసుకుంటే చాలు. దూరంగా ఉన్న ఒకే దీపాన్ని నాలుగు మూలల్లోకీ తెచ్చి, ఫోకస్ ముట్టుకోకుండా నాలుగు ఫోటోలు తీసి పోల్చు. కొందామనుకుంటున్న లెన్స్‌కి ఈ పరీక్ష చెయ్యనివ్వని అమ్మకందారుతో బేరమే వద్దు.

అంతా_ఒకటే:

ఈ గోలంతా చదివాక ఒక్క సందేహం. ఫోటో ఎక్కడ చూపిస్తారు బాబూ? ఫోన్‌లో. 4కె టీవీ అయినా 8 మెగాపిక్సెళ్ళే. ప్రింటు వేసినా 6000 పిక్సెళ్ళు అంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 20 అంగుళాలు, అంత పెద్దది మనలో ఎంతమంది వేయించారు? ఎఫ్/8 పెట్టి తీస్తే ఈ మూడింటికీ తేడా నా కళ్ళకి కనపడదు. మూలలో రాయి మెత్తగా ఉందని ఎవడూ ఫోటో పక్కన పడేయడు. డబ్బులు పెట్రోలుకి పెట్టుకుని ఇంకో రెండు సార్లు గండికోట వెళ్ళు.

పాతలెన్సులపెట్టె:

ఒకటే గారూ, పగలు ఎఫ్/8 దగ్గర మీరన్నది ఒప్పుకుంటా. కానీ ఇతను రాత్రి ఎఫ్/2.8 దగ్గర తీస్తానంటున్నాడు, చీకటి మండపంలో చేత్తో పట్టుకుని తీస్తానంటున్నాడు, అక్కడ ఎఫ్/8 పెట్టే అవకాశమే లేదు కదా. పురావస్తు శాఖ వాళ్ళ గుళ్ళలో ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

లేపాక్షి పైకప్పు బొమ్మల గురించి అడిగావు, దానికి నా సలహా నీకు నచ్చకపోవచ్చు. అసలు వైడ్ వాడకు. పైకప్పు అంటే తల మీద పెట్టిన గోడే, చదునైన తలం. నీ పేపరు టెస్టు సరిగ్గా పనికొచ్చేది అక్కడే, కర్వేచర్ ఉన్న లెన్స్ అక్కడే దొరికిపోతుంది. పైగా 14తో తీస్తే మూలల్లో ఉన్న బొమ్మల ముఖాలు బయటికి సాగిపోయి గుమ్మడికాయల్లా వస్తాయి, అది లెన్స్ తప్పు కాదు, అంత వైడ్‌ని చదునుగా పరిస్తే జరిగేదే అది. సామ్యాంగ్ 14కి మీసం ఆకారంలో వంకర కూడా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్ పెడితే పోతుంది, కానీ పిక్సెళ్ళని లాగి సరిచేస్తుంది గనక మూలల్లో కాస్త పదును కూడా పోతుంది. సరళరేఖల స్తంభాలకీ కప్పులకీ అది మొదటి ఎంపిక కాదు. నీ 28-70నే 35 దగ్గర పెట్టి, కెమెరాని కప్పుకి సమాంతరంగా ఉంచి, ఫోటోకీ ఫోటోకీ మూడో వంతు కలిసేలా తీసుకుంటూ పోయి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫోటోగా కుట్టు. వంద లెన్సులు వెతికినా ఆ వివరం రాదు. బొమ్మలు కాదు, మొత్తం మండపం వాతావరణం కావాలంటే అప్పుడు 15 గానీ 20 గానీ బయటికి తియ్యి.

డల్లాస్_డార్క్‌రూమ్:

ఇక్కడ మాకు పాత హీలియార్ 15 స్క్రూ మౌంట్‌వి (మరలా తిప్పి బిగించేవి) చవగ్గా కనపడుతుంటాయి, అక్కడా ఎవరైనా అమ్ముతుంటే తొందరపడొద్దని చెప్దామని వచ్చాను. 1999లో వచ్చిన మొదటి వెర్షన్, తర్వాతి రెండోది ఫిల్ముకి డిజైన్ చేసినవి. వెనక గాజు సెన్సర్‌కి బాగా దగ్గరగా కూర్చుంటుంది, మూలల్లోకి వెలుగు బాగా వాలుగా పడుతుంది. సోనీ సెన్సర్ ముందు ఉండే గాజు పలక సుమారు 2 మిల్లీమీటర్లు, లైకా ఎమ్ డిజిటల్ కెమెరాల్లో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ మందపు గాజులోంచి వాలుగా దూరి వచ్చేసరికి మూలలు చెదిరిపోతాయి, ఊదారంగు కూడా పులుముకుంటుంది. ఎఫ్/11 పెట్టినా పూర్తిగా పోదు. మూడో వెర్షన్ దగ్గర ఇది బాగా సర్దారు, సోనీ మౌంట్‌దాన్నైతే ఆ గాజుని లెక్కలోకి తీసుకునే చేశారు. పేరు ఒకటే కదా అని పాతదాన్ని కొంటే ఇంకో లెన్స్ కొన్నట్టే.

ఒక చిన్న సౌకర్యం కూడా చెప్తా, షార్ప్‌నెస్‌కి సంబంధం ఉన్నదే. సోనీ మౌంట్ హీలియార్‌కి ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నాయి, రింగు కదిపితే వ్యూఫైండర్‌లో దానంతటదే పెద్దదై కనపడుతుంది. మిగతా రెండింటికీ ఆ సంబంధం లేదు, మాగ్నిఫయర్ బటన్ నువ్వే నొక్కాలి. స్టెడీషాట్‌కి (చేతి వణుకుని సర్దే సోనీ ఏర్పాటుకి) ఫోకల్ లెంగ్త్ కూడా మెనూలోకి వెళ్ళి నువ్వే చెప్పాలి. ఇంతకుముందు 50 లెన్స్‌కి పెట్టిన నంబరు మార్చకుండా 14తో చేత్తో తీస్తే స్టెబిలైజేషన్ లేకపోవడం కంటే ఘోరంగా ఊగిన ఫోటో వస్తుంది.

గండికోట ఫోటోలు ఏ టైములో తీశావు? ఆ ఎండల్లో మధ్యాహ్నం పూట లోయ అవతలి రాయి వేడిగాలికి ఊగుతూనే ఉంటుంది, అప్పుడు ఏ లెన్స్ పెట్టినా మెత్తగానే వస్తుంది.

బెజవాడ_క్లిక్:

పొద్దున సూర్యుడు వచ్చిన కాసేపటికే తీశానన్నా, వేడి సమస్య లేదు.

పెట్టె గారు చెప్పినట్టే ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపుకి తీసుకెళ్ళా. చుట్టూ నాలుగు చోట్ల కొలిస్తే 28.31, 28.30, 28.27, 28.24 వచ్చాయి. మీ 0.2 లెక్క దగ్గరదగ్గరగా సరిపోయింది, ఒక పక్క ఇంకా పలచగానూ ఉంది. షాపాయన రింగు విప్పి పలచటి ఇత్తడి షిమ్ (సందు నింపే రేకు) కత్తిరించి కింద పెట్టి ఇచ్చాడు, పలచగా ఉన్న వైపు ఇంకొక పొర. ఇప్పుడు స్కేలు మీద అనంతానికి వెంట్రుకవాసి ముందే కొండ షార్ప్ అవుతోంది. కుడి అంచు ఎఫ్/4 నుంచే ఎడమ అంచుతో సమానం అయింది. ఎఫ్/2.8 దగ్గర మూలలు ఇంకా మెత్తగానే ఉన్నాయి, అది ఈ లెన్స్ స్వభావం అనుకుంటా. ఎఫ్/8 దగ్గర మాత్రం మూడింట్లో ఏది ఏదో పేరు చూడకుండా చెప్పలేకపోయాను, ఒకటే గారికి ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే.

మూలకి ఫోకస్ చేసే టెస్టు కూడా చేశా. 14లో గోడ మీద మూల బాగా కోలుకుంది. అంటే నేను చూసిన మసకలో సగానికి సగం వంపు వల్లే.

ప్రస్తుతానికి ఆలోచన ఇది: బాబాయి 20ని ఉంచుకోమన్నారు కాబట్టి పగటికి అదే, చుక్కలకి సెకండ్‌హ్యాండ్ సామ్యాంగ్ 14 చూస్తాను, నక్షత్రకుడు గారి దీపం పరీక్ష పెట్టాకే డబ్బులిస్తాను. హీలియార్ చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు, చిన్నగా ముద్దుగా ఉంది, 58 ఎంఎం ఫిల్టర్ కూడా పడుతుంది, 14కేమో ముందు గాజు బయటికి ఉబ్బి ఉండి ఫిల్టరే పట్టదు. కానీ రెండు పనుల్లో ఒకదానికి అది చాలదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. లోయ ఒడ్డున ముందు బండ నుంచి అవతలి కొండ దాకా అంతా పదునుగా కావాలంటే 20తో ఎక్కడ ఫోకస్ పెట్టాలి? యాప్‌లో ఎఫ్/8కి 1.7 మీటర్లు అని చూపిస్తోంది, అలా పెడితే కొండ మెత్తబడుతోంది.

నక్షత్రకుడు:

ఆ యాప్ 0.03 మిల్లీమీటర్ల మసకని కూడా షార్ప్ కిందే లెక్కేస్తుంది. అది ఫిల్ము రోజుల కొలత. నీ సెన్సర్‌లో పిక్సెల్ 0.006, అంటే ఐదు పిక్సెళ్ళ మసకని ఆ యాప్ క్షమించేస్తోంది. ఆ కొలతని సగం చెయ్యి, దూరం రెట్టింపవుతుంది. ఎఫ్/8 దగ్గర 3.3 మీటర్ల చోట ఫోకస్ పెట్టు, 1.7 నుంచి అనంతం దాకా వస్తుంది. అంతకన్నా దగ్గర బండ ఉంటే ఎఫ్/16కి పోకు, డిఫ్రాక్షన్ (చిన్న కన్నంలోంచి వెలుగు పరుచుకోవడం) వల్ల వచ్చే చుక్కే అక్కడ 0.02 మిల్లీమీటర్లు దాటుతుంది, ఫ్రేము మొత్తం మెత్తబడుతుంది. బండకొకటి, కొండకొకటి రెండు ఫోటోలు తీసి కలుపుకో.

పాతలెన్సులపెట్టె:

షిమ్ పెట్టించావు కాబట్టి కొన్నాళ్ళయ్యాక అడాప్టర్ స్క్రూలు ఒకసారి చూసుకో, మందం పెరిగినంత మేర మరలు తక్కువ పడతాయి, వదులైతే మళ్ళీ ఒక పక్కకి వాలుతుంది. అలాగే ఆ నిక్కోర్ ఎఫ్/4 ఫోటోల రా ఫైళ్ళు (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫైళ్ళు), కుడి ఎడమ మూలలు రెండూ ఇక్కడ పెట్టు, షార్పెనింగ్ సున్నాకి తెచ్చి చూస్తాను. 28.31కీ 28.24కీ మధ్య ఉన్న 0.07 వాలు ఒక్క షిమ్ పొరతో పూర్తిగా పోయిందంటే నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.